విద్యుచ్ఛక్తి పరిశ్రమలో వాడుక మాటలు

విద్యుచ్ఛక్తిని గురించిన వార్త లేకుండా దినపత్రిక వెలువడే రోజు అరుదు. ఫలానా చోట ఇన్ని వందల మెగావాట్ల కేంద్రము ప్రారంభమైనదని ఒకనాడు, నిన్న రాష్ట్రములో ఇన్ని మిలియన్ యూనిట్లు ఖర్చయినవని మరొకనాడు, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోయినదని ఇంకొకనాడు చదువుతూ ఉంటాము. ఈ మాటలు మన చెవులకు బాగా అలవాటయినవి. కాని అలవాటయినంత మాత్రాన అర్థమయినవని చెప్పలేము. మెగావాటును యూనిట్ అని, యూనిట్‌ను మెగావాటు అని పొరబడేవారు చదువుకున్నవారిలో సైతము కనబడతారు. ఇది కేవలము పదాల తగవు కాదు. మనము చెల్లించే బిల్లు, పొలాలలో కాలిపోయే ట్రాన్స్‌ఫార్మరు, ప్రజాధనముతో కట్టే విద్యుత్ కేంద్రము, వీటి మంచిచెడ్డలు తూచి చూడవలెనంటే ముందు ఈ మాటల అర్థాలు తెలిసి ఉండవలెను. కావున పరిశ్రమలో తరచు వినబడే కొన్నింటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

శక్తి వేరు, సామర్థ్యము వేరు

ఒక రైతు తెల్లవారినది మొదలు పొద్దెక్కేవరకు మోట తోలి ఒక మడి తడిపినాడనుకొందాము. పక్క రైతు ఇంజను పెట్టి గంటలో అంతే మడిని తడిపినాడు. ఇద్దరూ అంతే లోతునుండి అంతే నీటిని పైకి తెచ్చినారు గనుక జరిగిన పని సమానము. ఆ పనికి కావలసినదే శక్తి. అయితే ఇంజను ఆ పనిని త్వరగా చేసినది. పని జరిగే వేగమును సామర్థ్యము అంటారు. ఎద్దులకన్న ఇంజను సామర్థ్యము ఎక్కువ.

సామర్థ్యమును వాట్లలో కొలుస్తారు. వెయ్యి వాట్లు ఒక కిలోవాటు, వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు. 18వ శతాబ్దము చివర జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రమును గుర్రముతో పోల్చి చెప్పడానికి ‘హార్స్ పవర్’ అనే కొలతను వాడుకలోనికి తెచ్చినాడు. అది 746 వాట్లకు సమానము. మన పొలాలలోని మోటార్లను నేటికీ ఆ పేరుతోనే లెక్కిస్తున్నాము.

ఒక కిలోవాటు సామర్థ్యము గల యంత్రము ఒక గంటసేపు పని చేస్తే ఖర్చయ్యే శక్తి ఒక కిలోవాట్-అవరు. బిల్లులో ‘యూనిట్’ అని వ్రాసేది దీనినే. వంద వాట్ల దీపము పది గంటలు వెలిగినా, రెండు వేల వాట్ల నీళ్ల హీటరు అరగంట పనిచేసినా ఖర్చు ఒక్క యూనిట్టే. ఈ ఒక్క యూనిట్ ఎంతటిది? నష్టాలేమీ లేవనుకొంటే, సుమారు 36 వేల లీటర్ల నీటిని పది మీటర్ల ఎత్తుకు చేర్చగలదు. ఆరోగ్యవంతుడైన మనిషి రోజంతా కాయకష్టము చేస్తే జరిగే పని సుమారు అర యూనిట్ మాత్రమే. అంటే యూనిట్ ఖర్చుపెట్టిన ప్రతిసారి మనము ఇద్దరు కూలీల దినమంతటి శ్రమను వాడుకొంటున్నామన్నమాట.

చెరువు తూమును తలచుకొంటే ఈ భేదము మరచిపోము. తూమునుండి క్షణానికి ఎంత నీరు పారుతున్నదో అది మెగావాటు వంటిది. ఒక పూటలో మొత్తము ఎంత నీరు పారినదో అది యూనిట్ల వంటిది. పత్రికలలో చదివే లెక్కలకు ఒక సులభమైన సూత్రము కలదు. వెయ్యి మెగావాట్లు ఒక గంటసేపు ఎడతెగకుండా పారితే పది లక్షల యూనిట్లు, అనగా ఒక మిలియన్ యూనిట్లు. రోజంతా పారితే 24 మిలియన్ యూనిట్లు.

స్థాపిత సామర్థ్యము, వినియోగ శాతము

ఒక కేంద్రములోని యంత్రాలన్నీ పూర్తిగా పనిచేసినప్పుడు ఈయగల మెగావాట్లను ‘స్థాపిత సామర్థ్యము’ అంటారు. రామగుండములో 1983 నుండి అంచెలంచెలుగా నిర్మించిన ఎన్.టి.పి.సి. కేంద్రములో 200 మెగావాట్ల యంత్రాలు మూడు, 500 మెగావాట్లవి నాలుగు. స్థాపిత సామర్థ్యము 2,600 మెగావాట్లు. ఇది తూము వెడల్పును తెలిపే అంకె. తూము ఎంత పెద్దదయినా చెరువులో నీరున్నప్పుడే పారుతుంది గదా! బొగ్గు చాలక పోవచ్చు, యంత్రము మరమ్మతులో ఉండవచ్చు, వానలు లేక జలాశయము ఎండవచ్చు, సూర్యుడు అస్తమించవచ్చు. కావున సంవత్సరము పొడుగునా నిజముగా ఉత్పత్తి అయిన యూనిట్లను, పూర్తి సామర్థ్యముతో ఎడతెగక నడిస్తే వచ్చే యూనిట్లతో పోల్చి చూడవలెను. ఈ నిష్పత్తినే థర్మల్ కేంద్రాల విషయములో ‘ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్’ అని, సౌర, పవన కేంద్రాల విషయములో ‘కెపాసిటీ యుటిలైజేషన్ ఫ్యాక్టర్’ అని అంటారు. తెలుగులో వినియోగ శాతము అనుకోవచ్చును.

వెయ్యి మెగావాట్ల కేంద్రము ఏడాదిలోని 8,760 గంటలూ నడిస్తే 876 కోట్ల యూనిట్లు రావలెను. బొగ్గు కేంద్రము 70 శాతము వినియోగముతో నడిస్తే సుమారు 613 కోట్లు వస్తవి. సౌర కేంద్రాలకు మన దేశములో ఈ శాతము సాధారణముగా 20, 25ల మధ్య ఉంటుంది. 25 అనుకొన్నా వచ్చేది 219 కోట్లు. పూర్వపు కర్నూలు జిల్లాలో 2017లో పూర్తి అయిన సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది. దానిని వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రముతో సరిసమానమని చెప్పడము, సింహాద్రిలోని రెండు 500 మెగావాట్ల యంత్రాలకు బదులు దానిని లెక్కవేసుకోవడము పొరపాటు. అట్లని సౌరశక్తి తక్కువదని కాదు. దానికి బొగ్గు అక్కరలేదు, బూడిద రాదు. రెండింటినీ పోల్చేటప్పుడు మెగావాట్లను గాక యూనిట్లను పోల్చవలెనని మాత్రమే ఇక్కడ చెప్పేది.

దేశము మొత్తము మీద చూసినా ఇదే పాఠము. 2024 మార్చి నెలాఖరుకు మన స్థాపిత సామర్థ్యము సుమారు 4 లక్షల 42 వేల మెగావాట్లు. ఆ సంవత్సరము మే 30న అంతవరకు ఎన్నడూ లేనంత గిరాకి వచ్చినది: అది సుమారు 2 లక్షల 50 వేల మెగావాట్లు. ఉన్నదానిలో సగమునకు కొంచెము పైన మాత్రమే అడిగితే ఇబ్బంది ఎందుకని ఎవరికయినా తోచవచ్చును. సామర్థ్యమంతా అన్నివేళలా చేతికి అందేది కాదన్నదే దానికి సమాధానము.

బేస్ లోడు, పీక్ లోడు

వినియోగదారులందరూ ఒక క్షణములో వాడుతున్న సామర్థ్యము మొత్తమును ‘లోడు’ లేక ‘డిమాండు’ అంటారు. ఇది దినమంతా ఒకే తీరున ఉండదు. తెల్లవారుజామున తగ్గి, ఉదయము పెరిగి, సాయంత్రము దీపాలు పెట్టే వేళకు మరల ఎగుస్తుంది. ఎప్పుడూ ఉండే అడుగు భాగము బేస్ లోడు. కొద్ది గంటలపాటు కనబడే శిఖరము పీక్ లోడు.

బొగ్గు బాయిలరు పెద్ద కట్టెలపొయ్యి వంటిది. ఒకసారి రాజుకొంటే నిలకడగా మండుతుంది గాని తలచినంతనే పెంచడము, ఆర్పడము కుదరదు. అందుచేత అది బేస్ లోడుకు తగినది. జలవిద్యుత్ యంత్రమును కొద్ది నిమిషాలలోనే నడపవచ్చును, ఆపవచ్చును. అందుచేత అది పీక్ లోడుకు తగినది. ఈ గుణము ఎంతటి విలువైనదో 2020 ఏప్రిల్ 5న దేశమంతటికీ తెలిసినది. ఆ రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలపాటు ఇళ్లలో దీపాలు ఆర్పినప్పుడు దేశములో డిమాండు సుమారు 31 వేల మెగావాట్లు ఒక్కసారిగా తగ్గి, మరల పెరిగినది. ఆ దించుడు, ఎత్తుడులలో ఎక్కువ భారము మోసినవి జలవిద్యుత్ కేంద్రాలే.

మిగులుగా ఉన్న వేళ శక్తిని దాచి, కొరతగా ఉన్న వేళ వాడుకోగలిగితే ఎంత బాగుండును! ‘పంప్డ్ స్టోరేజి’ అనేది ఆ ఉపాయమే. నాగార్జునసాగరులో 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు, శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఇట్టివి కలవు. నీరు క్రిందికి దిగేటప్పుడు అవి టర్బైన్లు. విద్యుత్తు మిగిలి ఉన్నప్పుడు అవే పంపులై దిగువ నీటిని ఎగువ జలాశయములోనికి తోడుతవి. వంద యూనిట్లు పెట్టి నీటిని పైకి ఎక్కిస్తే 75, 80 యూనిట్లు తిరిగి వస్తవి. లెక్కకు ఇది నష్టమే. కాని అక్కరలేని వేళ యూనిట్‌ను ఇచ్చి అవసరమైన వేళ యూనిట్‌ను పుచ్చుకొనడములో లాభమున్నది. సౌరశక్తి మధ్యాహ్నము వెల్లువగా వచ్చి సాయంత్రము మాయమయ్యే ఈ కాలములో దీని అక్కర పెరుగుతున్నది.

కెలోరిఫిక్ విలువ, హీట్ రేటు

కిలో బొగ్గు పూర్తిగా మండితే వెలువడే ఉష్ణమును దాని ‘కెలోరిఫిక్ విలువ’ అంటారు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. విద్యుత్ కేంద్రాలకు వచ్చే రకము కిలోకు 3,500 నుండి 4,500 కిలో కేలరీల ఉష్ణమును ఇస్తుంది. ఒక యూనిట్ శక్తి 860 కిలో కేలరీలకు సమానము. అయితే ఉష్ణమంతా విద్యుత్తుగా మారదు. కేంద్రము దక్షత నూటికి 35 అనుకొంటే యూనిట్‌కు సుమారు 2,450 కిలో కేలరీలు కావలెను. దీనినే ‘హీట్ రేటు’ అంటారు. తక్కిన ఉష్ణములో అధిక భాగము శీతలీకరణ గోపురాలనుండి, పొగగొట్టమునుండి గాలిలో కలుస్తుంది.

కిలోకు 3,800 కిలో కేలరీల బొగ్గయితే యూనిట్‌కు 650 గ్రాములు పడుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కాని 2,600 మెగావాట్ల కేంద్రము గంటకు 26 లక్షల యూనిట్లు ఇస్తుంది. దినమంతా పూర్తిగా నడిస్తే కావలసిన బొగ్గు సుమారు 40 వేల టన్నులు. అందులో మూడవ వంతు బూడిద అయితే 13 వేల టన్నులు ఎక్కడో పోయవలెను. హీట్ రేటును నూటికి ఒక్క పాలు తగ్గించినా దినానికి 400 టన్నుల బొగ్గు మిగులుతుంది. ఇంజనీర్లు ఈ అంకె కోసము ఎందుకంత తాపత్రయపడతారో దీనినిబట్టి గ్రహించవచ్చును.

గ్రిడ్, ఫ్రీక్వెన్సీ

విద్యుత్ కేంద్రాలను, పట్టణాలను, గ్రామాలను కలిపే తీగల వల ‘గ్రిడ్’. ఇందులోని జనరేటర్లన్నీ ఒకే లయతో తిరగవలెను. మన దేశములో ప్రవాహము సెకనుకు 50 పర్యాయాలు ఆవృత్తమవుతుంది, ఇదే ఫ్రీక్వెన్సీ. థర్మల్ కేంద్రాలలోని పెద్ద జనరేటరు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఈ 50 వస్తుంది.

రథోత్సవమును జ్ఞప్తికి తెచ్చుకొందాము. వందలమంది ఒకే మోకును పట్టి రథమును లాగుతారు. ఎవరి బలము వారిదే గాని నడక మాత్రము అందరిదీ ఒక్కటే. ఎత్తు వచ్చినా, లాగేవారు కొందరు మోకు వదలినా, మొత్తము నడకే మందగిస్తుంది. గ్రిడ్‌లో డిమాండు పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఉత్పత్తి మిగిలితే పెరుగుతుంది. నేటి నియమాల ప్రకారము అది 49.90కి, 50.05కి నడుమ ఉండవలెను. 1990 ప్రాంతాలలో దక్షిణ గ్రిడ్‌లో 49కి దిగువన గంటల తరబడి ఉండేది. గ్రిడ్‌ను కాపాడడానికి కొన్ని ప్రాంతాలకు సరఫరా నిలిపివేయడమే ‘లోడ్ షెడ్డింగు’. మన ఊరి మాటలో కరెంటు కోత.

వోల్టేజీతో దీనిని కలపరాదు. వోల్టేజి ఊరిని బట్టి, తీగను బట్టి మారుతుంది. ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతటా ఒక్కటే. మన ఇంటి దీపము మసకగా వెలుగుతుంటే అది తరచు మన వీధి తీగల లోపము గాని దేశపు గ్రిడ్ లోపము కాదు.

నడక తప్పితే ఏమవుతుందో 2012 జూలైలో చూసినాము. 30వ తేదీ తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ కుప్పకూలినది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయినవి. అరవై కోట్లకు పైగా జనము నివసించే ప్రాంతాలు చీకటిలో మునిగినవి. అప్పుడు దక్షిణాదికి ఆ ఉపద్రవము తగలలేదు. కారణమేమనగా, దక్షిణ గ్రిడ్ తక్కిన దేశముతో గాజువాక, భద్రావతి వంటి చోట్ల ఏకముఖ ప్రవాహపు లంకెల ద్వారా మాత్రమే కలిసి ఉండెను. ఇచ్చిపుచ్చుకొనడము ఉన్నా లయ వేరు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో మన గ్రిడ్ కూడ ఆ ఒకే మోకుకు చేరినది. ఇప్పుడు కొరతనాడు సహాయము సులభముగా అందుతుంది. ప్రమాదములోనూ మనకు పాలు కలదు.

పవర్ ఫ్యాక్టరు, కె.వి.ఎ.

ట్రాన్స్‌ఫార్మరు మీద కిలోవాట్లు గాక ‘100 కె.వి.ఎ.’ అని ఎందుకు వ్రాస్తారు? కాలువలో పడవను గట్టుమీదినుండి తాడుతో లాగే దృశ్యమును ఊహించండి. తాడు ఏటవాలుగా ఉంటుంది గనుక లాగే బలములో కొంత పడవను ముందుకు నడపక గట్టువైపు ఈడ్చడములో పోతుంది. తాడు మాత్రము మొత్తము లాగుడును భరించవలెను. మోటారులోనూ ఇంతే. దానిలోని అయస్కాంత క్షేత్రము కోసము కొంత ప్రవాహము తీగలలో ఊరకనే వచ్చిపోతూ ఉంటుంది. పని చేసే భాగము కిలోవాట్లు. తీగలు, ట్రాన్స్‌ఫార్మరు భరించే మొత్తము కె.వి.ఎ. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టరు.

ఈ మాట రైతుకు అందరికన్న ఎక్కువగా అవసరము. ఐదు హార్స్ పవర్ మోటారు అక్షము వద్ద 3.73 కిలోవాట్ల పని ఇస్తుంది. దక్షత 80 శాతము అనుకొంటే తీగలనుండి 4.66 కిలోవాట్లు తీసుకొంటుంది. పవర్ ఫ్యాక్టరు 0.75 అయితే ట్రాన్స్‌ఫార్మరు మీద పడే భారము 6.2 కె.వి.ఎ. ఇట్టి మోటార్లు ఇరవై ఉంటే 124. వంద కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఇంతటి భారమును గంటల తరబడి మోస్తే చుట్టలు వేడెక్కి కాలిపోతుంది. ప్రతి మోటారుకు తగిన కెపాసిటరు బిగించి పవర్ ఫ్యాక్టరును 0.95కు తెస్తే భారము ఒక్కొక్క దానికి 4.9, మొత్తము 98 కె.వి.ఎ. అదే ట్రాన్స్‌ఫార్మరు, అవే మోటార్లు, అదే నీరు; కాని ఇప్పుడు పరిమితిలో ఉన్నది. అంతేకాదు, తీగలలో ప్రవాహము అయిదవ వంతు తగ్గుతుంది గనుక, ఆ మోటార్ల వలన తీగలలో కలిగే నష్టము నూటికి 35 పాళ్లకు పైగా తగ్గుతుంది.

ఇంకొక విషయము. మోటారు కదలేటప్పుడు మామూలుకన్న అయిదారు రెట్లు ప్రవాహమును గుంజుతుంది. అందరూ ఆటో స్టార్టర్లు పెట్టి, కరెంటు రాగానే ఇరవై మోటార్లూ ఒక్కసారి కదిలితే ట్రాన్స్‌ఫార్మరు గతి ఏమిటో చెప్పనక్కరలేదు. ఒక్కడు కెపాసిటరు పెట్టి తక్కినవారు పెట్టకపోతే ఫలము స్వల్పము. చెరువు పూడిక తీసినట్లు ఇది ఊరంతా కలిసి చేసుకోవలసిన పని. పైరు పొట్టమీద ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి వారము రోజులు నీరందకపోతే పోయేది ఒక్కరి పంట కాదు.

నష్టాలు

కేంద్రమునుండి బయలుదేరిన యూనిట్లన్నీ మీటరు వరకు చేరవు. తీగలు వేడెక్కి కొంత పోతుంది. వోల్టేజి రెట్టింపయితే అదే శక్తికి ప్రవాహము సగమవుతుంది, వేడి నాలుగవ వంతవుతుంది. దూరప్రాంతాలకు 220, 400, 765 కిలోవోల్టుల లైన్లు వేయడము ఇందుకే. ఈ నష్టము సాంకేతికమైనది. దొంగ కొక్కేలు, నడవని మీటర్లు, వసూలు కాని బిల్లులు, వీటివలన పోయేది వాణిజ్య నష్టము. రెండూ కలిపి ‘ఎ.టి. అండ్ సి. నష్టము’ అంటారు. ఇటీవలి సంవత్సరాలలో దేశము మొత్తము మీద ఇది 15, 17 శాతముల మధ్య ఉన్నది. మీటరు లేని కనెక్షన్ల వాడకమును అంచనా వేయడమే గాని కొలవడము లేదు. అంచనా పెరిగిన కొద్దీ కాగితము మీద నష్టము తగ్గుతుంది. కావున ఈ శాతమును చదివేటప్పుడు, కొలిచినది ఎంత, ఊహించినది ఎంత అని అడగడము సమంజసము.

చివరగా ధరకు సంబంధించిన ఒక మాట. కేంద్రముతో చేసుకొన్న ఒప్పందములో సాధారణముగా రెండు భాగాలుంటవి. యంత్రాల పెట్టుబడికి, వడ్డీకి, సిబ్బందికి చెల్లించేది స్థిర వ్యయము. ఇంధనమునకు చెల్లించేది చర వ్యయము. కేంద్రము సిద్ధముగా ఉండి మనము విద్యుత్తును తీసుకోకపోయినా స్థిర వ్యయము చెల్లించవలసినదే. అవసరమునకు మించి ఒప్పందాలు చేసుకొంటే వాడని మెగావాట్లకు సైతము జనమే ధర చెల్లిస్తారు. తక్కువగా చేసుకొంటే ఎండాకాలములో హెచ్చు ధరకు బజారులో కొనవలసి వస్తుంది.

ఇక మీదట కొత్త కేంద్రము వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకొంటే చాలును. ఇన్ని మెగావాట్లు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తవి? ఏ వేళలో ఇస్తవి? వాటిలో ఎన్ని మన మీటరు వరకు చేరుతవి? వాడినా వాడకపోయినా ఎంత చెల్లించవలెను? వీటికి సమాధానము చెప్పడము ఇంజనీరు బాధ్యత, పాలకుల బాధ్యత. అడగడము మాత్రము బిల్లు చెల్లించే ప్రతి ఒక్కరి హక్కు.